లాయరు గారి శ్రుతి

లాయరు స్టీవెన్ గారు పోయి ఏడాది కావస్తోంది. జగ్గయ్యపేట చర్చిలో ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆయన కట్టిన సాయంకాల కీర్తన క్వయర్ పాడుతుందనీ, చివరి చరణం ఎప్పటిలాగే ఫ్లోరెన్స్ ఒక్కతే పాడుతుందనీ పాస్టరు గారు ప్రకటించారు. ఫ్లోరెన్స్‌కు అందులో వింతేమీ కనిపించలేదు. తను కాకపోతే ఇంకెవరు పాడతారు?

ఆమె నందిగామలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్లు అరిగాయి, కళ్లకు ఆపరేషన్లు అయ్యాయి, పళ్లు సగం కట్టించుకున్నవే. గొంతు మాత్రం చెక్కుచెదరలేదని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె దాచుకునేది కూడా కాదు. పెళ్లిలోనో, సమాధి దగ్గరో ఎవరైనా మెచ్చుకుంటే, "దేవుడిచ్చిన గొంతమ్మా, ఆయనే కాపాడుతున్నాడు" అనేది. ఇన్నాళ్లూ కాపాడినవాళ్లలో ఇంకొకరు కూడా ఉన్నారని ఆమెకు తెలియదు.

స్టీవెన్ గారికి రెండు ప్రాక్టీసులు. పగలు నందిగామ కోర్టులో ఒకటి, శనివారం సాయంత్రం చర్చిలో ఇంకొకటి. మొదటిది ఇల్లు గడవడానికి. క్రిస్మస్ నెల వచ్చిందంటే ఆయన వాయిదాల మీద వాయిదాలు అడిగేవారు. వీరులపాడు రైతు ఒకాయన, "నా గట్టు తగాదా తేలేలోగా మీ పాటలన్నీ నాకు నోటికొచ్చేట్టున్నాయండీ" అని మొహం మీదే అన్నాడు. గుమాస్తా మీరావలి ఫైళ్లతోపాటు పాటల కాయితాలూ మోసేవాడు. ఒకసారి అఫిడవిట్ అనుకుని క్వయర్లో టెనర్లు పాడే పాట కాయితాన్ని జడ్జిగారి ముందు పెట్టేశాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ప్రతివాది ఎవరండీ?" అన్నారట.

చర్చిలో మాత్రం ఆయన వాయిదాలు ఒప్పుకునేవారు కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లను చూసి, "మీరు లేకుండానే మీ మీద ఎక్స్‌పార్టీ తీర్పు అయిపోయింది, వెనక కూర్చోండి" అనేవారు. ఫ్లోరెన్స్ ఏనాడూ వెనక కూర్చోలేదు. భర్త పోయిన కొత్తలో ఆమె ఇంట్లోంచి కదిలేదంటే శనివారం సాయంత్రాలే.

శుక్రవారం రిహార్సల్‌కు లాయరు గారి మేనల్లుడు వెస్లీ కీబోర్డు తెచ్చాడు. ఇప్పుడు క్వయర్ నడిపేది అతనే. కంచికచర్ల బ్యాంకులో ఉద్యోగం, నెమ్మదస్తుడు. కీర్తన మొదలైంది. లాయరు గారు పోయాక దాన్ని ఎత్తుకోవడం ఇదే మొదటిసారి. చివరి చరణానికి ఫ్లోరెన్స్ లేచి నిలబడి అందుకుంది. రెండో పాదం దగ్గర స్వరం పైకి వెళ్లాలి. వెళ్లలేదు. గొంతు చీలి, కీచుమని ఆగిపోయింది. పై గొంతు, సొప్రానో పాడే ఆడపిల్లలు తల వంచుకుని కాయితాల్లోకి చూశారు.

"వెస్లీ, స్కేలు తప్పు పెట్టావు" అంది ఫ్లోరెన్స్.

"లేదాంటీ, ఎఫ్ స్కేలే. మావయ్య ఈ పాట కట్టింది ఇందులోనే. ఇంట్లో నాకు ఇట్టాగే నేర్పారు."

"మీ ఇంటి సంగతి నాకు తెలీదు. ఇక్కడ మేం ఇంత పైన ఎప్పుడూ పాడలా."

వెస్లీ ఇబ్బందిగా వెనక్కి చూశాడు. ముందు బెంచీలో కూర్చున్న లాయరు గారి భార్య జాయిస్ లేచి, "అందర్నీ తీసుకెళ్లి టీ తాగి రారా" అంది. వాళ్లు బయటికి వెళ్లాక ఫ్లోరెన్స్ దగ్గరికి వచ్చింది.

"అక్కా, పాట పైకి పోలా. మీ గొంతు కిందికొచ్చింది. ఆయన మీతోపాటే దించుకుంటా వచ్చారు. రెండు మూడేళ్లకి హార్మోనియం మీద ఓ మెట్టు."

"మరి పై శ్రుతిలో భక్తి ఉండదు, అరుపే ఉంటుందనేవారుగా?"

"లాయరు కదక్కా. ఏదో ఒక వాదన కావాలిగా."

ఫ్లోరెన్స్‌కు ఒళ్లు మండింది. బేస్ పాడే మగాళ్లు నూతిలోంచి పాడినట్టుందని ఎన్నిసార్లు మొత్తుకున్నారో గుర్తొచ్చింది. ఆ మాటకు తనూ వాళ్లతోపాటు నవ్వింది. సొప్రానో పిల్లలు గొంతు విప్పకుండానే ఇన్నాళ్లూ పాడారు. అదంతా తన కోసమా?

"నన్నో మాట అడగాలిగా! కింది గొంతుకి, ఆల్టోలోకి మారమంటే మారేదాన్ని కాదా?"

"మారేవారా అక్కా?"

జాయిస్ ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అడిగింది. ఫ్లోరెన్స్ ఆలోచించింది. అడిగి ఉంటే ఆ రోజే క్వయర్ మానేసి ఇంట్లో తలుపేసుకునేది. ఆ సంగతి తనకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయనకు తెలిసినందుకే కోపం ఇంకా పెరిగింది.

వెస్లీ తిరిగి వచ్చి, "ట్రాన్స్‌పోజ్ నొక్కితే శ్రుతి దిగిపోద్దాంటీ. ఒక్క బటనే" అన్నాడు.

అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"వద్దు. ఆయన ఎట్టా కట్టారో అట్టాగే వాయించు. చివరి చరణం ఆ పిల్లలకివ్వు" అని చేతిసంచీ తీసుకుని ఆల్టోల బెంచీలోకి వెళ్లి కూర్చుంది. "నాకు ఆల్టో నేర్పు. ఆదివారం ఎంతో దూరం లేదు."

ఆదివారం కూడికకు నందిగామ నుంచి లాయర్లు వచ్చారు. ఒక్కొక్కరూ లేచి ఆయన నిజాయితీ గురించి చెప్పారు. మీరావలి ఆ అఫిడవిట్ కథ చెప్పి అందర్నీ నవ్వించాడు. తర్వాత క్వయర్ లేచింది.

ఫ్లోరెన్స్ ఆల్టోలో తడబడింది, ఒకచోట పూర్తిగా ఆగిపోయింది. పిల్లలు చివరి చరణం అందుకున్నారు. రెండో పాదం దగ్గర స్వరం తేలిగ్గా పైకి లేచింది. ఫ్లోరెన్స్ కాయితం దించేసింది. ఇన్నాళ్లూ ఈ పాటను సమాధుల దగ్గర పాడారు, విన్నవాళ్లు ఏడ్చారు. తీరా చూస్తే ఇది సంతోషంగా ఉన్న మనిషి కట్టిన పాట. ఒకప్పుడు తనూ దీన్ని ఇట్టాగే పాడి ఉంటుంది. గుర్తే లేదు.

కూడిక ముగిసింది, అందరూ భోజనాలకు లేచారు. జాయిస్ మాత్రం లేవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందు బెంచీలోనే ఉండిపోయింది. ఫ్లోరెన్స్ వెళ్లి పక్కన నిలబడింది.

"మా పెళ్లికి కట్టిన పాటక్కా ఇది" అంది జాయిస్. "ఇట్టా విని ఎన్నేళ్లయిందో. ఒక్కసారి పైన పాడించమని అడిగేదాన్ని. ఫ్లోరెన్సమ్మ పాడుతోందిగా, ఉండనీ అనేవారు."

"మరి మొన్న చెప్పలేదేం?"

"చెబితే నా కోసం తప్పుకునేవారు. మీ అంతట మీరు వదిలారు. అది చాలక్కా."

క్షమించమనడానికి ఫ్లోరెన్స్ తెలిసి చేసిన తప్పంటూ లేదు. ఊరుకోవడానికి మనసొప్పలేదు. వెస్లీ కీబోర్డు సర్దుతున్నాడు.

"ఆ పిల్లల్ని మళ్లీ పిలువు" అంది ఫ్లోరెన్స్.

"భోజనాలకి కూర్చున్నారాంటీ."

"తర్వాత తింటారు. పిలువు."

చేతులు తుడుచుకుంటూ పిల్లలు వచ్చి వరసలో నిలబడ్డారు. ఫ్లోరెన్స్ వాళ్లలోకి వెళ్లలేదు. పాట అయ్యేదాకా జాయిస్ పక్కన కూర్చుని వింది.