తొమ్మిదో నాటి స్నానం

కాగులోని నీళ్లలో మోచెయ్యి ముంచి చూసి, జానమ్మ మరో చెంబెడు చన్నీళ్లు కలిపింది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపి, కాళ్లు బారచాపి, పిల్లవాణ్ణి పిక్కల మీద వెల్లకిలా పడుకోబెట్టుకుంది. సూర్యాపేట మిషన్ దవాఖానలో ఆయాగా ముప్పై ఏళ్లుగా ఆమె చేస్తున్న పని ఇదే. ఆ పిక్కల మీద ఎందరు పసివాళ్లు నీళ్లు పోయించుకున్నారో ఆమెకే తెలియదు. వాళ్లలో తన కడుపున పుట్టినవాడు ఒక్కడూ లేడు. నీళ్లకు నాని నాని వేళ్ల కొసలు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి.

పిల్లవాడు ఉచ్చ పోశాడు. అది వెచ్చగా ఆమె పాదాల మీదుగా పారింది.

"ఓ దొరా! నైజాం దాటొచ్చి యూనియన్ల పుట్టినవని గింత పొగరా?" అంటూ జానమ్మ వాడి ముక్కును రెండు వేళ్లతో సుతారంగా ఒత్తింది.

గుడారం గుంజకు ఆనుకుని కూర్చున్న సాలి నవ్వలేదు. కోదాడ దగ్గరి తన తండాను నైజాం మనుషులు తగలబెడితే, నిండు నెలలతో పాలేరు వాగు దాటి ఇండియన్ యూనియన్‌లోని ఈ శరణార్థుల క్యాంపుకు చేరింది. మొగుడి జాడ ఇంతవరకు తెలియలేదు. నలభై ఎనిమిదో సంవత్సరం తొలకరి రోజులవి.

"అమ్మా, ఇయ్యాల పోతవా?"

"పోవాలె బిడ్డా. దవాఖానల సెలవు ఇయ్యాల్టితోని ఖతం. చెల్లె పురుడని చెప్పి సరిహద్దు నాకా దాటిన. గీ క్యాంపుల పని చేసిన్నని తెలిస్తే గాడ నన్ను బతకనిస్తరా?"

బొడ్డు కోసిన చెయ్యే ఇరవయ్యొక్క రోజులూ నీళ్లు పోయాలి. అంతవరకు బాలింత ఆ నీళ్లు ముట్టుకోకూడదు. మేనత్త దగ్గర జానమ్మ నేర్చిన పద్ధతి అది. ఇవాళ్టికి తొమ్మిది రోజులే. సాలి పాలిస్తుంది గాని, బిడ్డ రొమ్ము వదలగానే చాప మీదికి జరిపేస్తుంది. ఒళ్లో ఉంచుకోదు. రేపటి నుంచి వీణ్ణి ఎత్తుకునేదెవరు?

"క్యాంపు సూసే సత్యానందం సారును అడిగిన. క్యాంపుల ఇంకో ఆడమనిషి దొరకదంట. ఇగ నువ్వే పొయ్యాలె."

సాలి చేతులు వెనక్కి తీసుకుంది. "పోయినేడు పెద్దోనికి నాలుగో దినం నేనే పోసిన. పొద్దూకేసరికి సల్లబడ్డడు. నా చెయ్యి మంచిది కాదమ్మా."

"జరముండెనా?"

"ఒళ్లు కాలిపోతుండె."

"మరి జరం తీస్కపోయింది. నీ చెయ్యి గాదు."

సాలి తల అడ్డంగా ఊపింది.

బయట నుంచి బండి తోలే యాకోబు కేకేశాడు. "జానమ్మక్కా! ఎగువన వాన పడ్డదంట, వాగు లేస్తది. జల్ది రా, లేకుంటే యూనియన్లనే మొగుణ్ని సూస్కోవాలె!"

"నీ నోట్ల మన్ను వడ! జరాగు."

జానమ్మ తడిపిల్లవాణ్ణి ఎత్తుకుని లేచింది. సాలిని రెక్క పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. కాళ్లు చాపించి, వాటి మీద బిడ్డను ఉంచింది. మేనత్త మాట ఆమె తప్పడం అదే మొదలు.

సాలి కాళ్లు ఎడంగా జరిగాయి.

"దగ్గరికి పెట్టు. గట్లనే. మెడ కింద వేళ్లు పెట్టు."

మొదటి చెంబుకు పిల్లవాడు గుక్కపట్టాడు. సాలి ఆగిపోయింది.

"వాన్ని ఏడ్వనియ్. నువ్వు పొయ్."

రెండో చెంబు, మూడో చెంబు. నాలుగోది ముంచే ముందు సాలి తనంతట తానే కాగులో మోచెయ్యి పెట్టి చూసింది. జానమ్మ మూట సర్దుకుంది.

సాలి బిడ్డను భుజాన వేసుకుని బండి దాకా వచ్చింది. వంగి, అద్దాలు కుట్టిన పావడా అంచును పళ్లతో పట్టి దారం తెంపి, అద్దం బిళ్ల ఒకటి ఊడదీసింది. దాన్ని జానమ్మ కొంగున ముడివేసి, వెనక్కి తిరిగింది. ఆమె అరచెయ్యి బిడ్డ వీపు మీదే ఉంది.

బండి వాగు ఒడ్డున ఆగిపోయింది. అక్కణ్నుంచి నడక. అవతలి గట్టున నాకా జవాన్లు వచ్చేవాళ్ల మూటలు విప్పి చూస్తున్నారు. చెల్లెలి పురిటికి పోయిన మనిషి కొంగులో తండా అద్దం ఎట్లా వచ్చిందంటే ఏం చెప్తుంది?

జానమ్మ ముడి విప్పింది. అరచేతిలోని అద్దంలో తన కన్ను ఒకటి, కాస్త నెరిసిన జుట్టు కనిపించాయి. ఒడ్డున చదునుగా ఉన్న రాయి మీద అద్దాన్ని పెట్టి, చీర ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగింది.

రాయి మీద రూపాయంత అద్దం, అంచున తెగిన ఎర్ర దారం. అందులో మబ్బు నిండుగా ఉంది.