బ్రేకు మీద కాలు

"పిల్లలెక్కే బండి కదా మేడమ్, బ్రేకుల విషయంలో రిస్కు తీసుకోకూడదు" అన్నాడు సర్వీసు అడ్వైజరు, కాగితం ఆమె వైపు జరుపుతూ.

ఆ మాట చెవిన పడగానే ఆమె చెయ్యి దానంతటదే పెన్ను కోసం వెతికింది. పదకొండేళ్ళుగా ఆమె చేత ఏదైనా ఒప్పించాలంటే ఇంట్లో అందరూ నొక్కే మీట అదే. పిల్ల కోసం ఉద్యోగం మానమన్నారు, మానేసింది. పిల్ల చదువు పాడవుతుందంటే పుట్టింటికి వెళ్ళడం తగ్గించుకుంది. పిల్లకి జలుబు చేస్తే తల ఎందుకు తుడవలేదని ఆమెనే అడుగుతారు. పిల్ల మాటెత్తాక ఇక ఎదురుచెప్పడం ఉండదు. ఇప్పుడు ముక్కూమొహం తెలియని మనిషికి కూడా ఆ మీట ఎక్కడుందో తెలిసిపోయింది.

పెన్ను దొరికింది కానీ ఆమె సంతకం పెట్టలేదు. కాగితం చదివింది. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు, వెనక చక్రాల బ్రేకు ప్యాడ్లు, నాలుగు చక్రాలకీ మిగిలిన మందం ఒకటే అంకె. మూడు మిల్లీమీటర్లు. పక్కన ఎర్ర చుక్క పెట్టి, వెంటనే మార్చాలి అని అచ్చేశారు.

"ఇరవై రెండు వేల కిలోమీటర్లేగా తిరిగింది?"

"డ్రైవింగుని బట్టి ఉంటుంది మేడమ్. కొంతమంది బ్రేకు మీద నుంచి కాలు తియ్యరు." నొప్పించాలని అనలేదు, నవ్వుతూనే అన్నాడు.

సరిగ్గా ఇదే మాట ఆమె భర్త నోట వెయ్యిసార్లు వింది. చుట్టాలొచ్చినా స్నేహితులొచ్చినా, బండి సంగతి రాగానే ఆయన ఆ జోకు వేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అందరితోపాటు ఆమె కూడా నవ్వేది. పోయిన వారం మాత్రం అది జోకుగా రాలేదు. పిల్ల పుట్టకముందు ఆమె పనిచేసిన రక్తపరీక్షల ల్యాబు నుంచి, అప్పట్లో తనకి పని నేర్పిన అక్క ఫోన్ చేసింది. పొద్దుటిపూట పెద్దవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి రక్తం తీసుకొచ్చే మనిషి కావాలిట, బండి నడపడం వచ్చి ఉండాలిట. శనివారం సాయంత్రంలోగా చెప్పమంది. ఆమె భర్త వద్దనలేదు. ఆయన దేన్నీ వద్దనడు. "నీ డ్రైవింగుకి రోజూ నలభై కిలోమీటర్లంటే ఏడాదికోసారి బ్రేకులు మార్చాలి. ఎలాగూ సర్వీసుకి ఇస్తున్నాం కదా, బండి పరిస్థితేంటో తేలనీ, అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఇవాళే శనివారం. తేలింది. మూడు మిల్లీమీటర్లు.

నిజమే అయితే? తను అంత అధ్వానంగా నడుపుతోందేమో. మలుపు దగ్గర, స్కూలు గేటు దగ్గర, కుక్క అడ్డం వచ్చినప్పుడు తన కాలు ఎక్కడుంటుందో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. తన కాలు సంగతి తనకన్నా ఊళ్ళోవాళ్ళకే బాగా తెలుసేమో అనిపించి, మళ్ళీ కాగితంలోకి చూసింది. అప్పుడు ఆమె చూపు రెండో వరుస దగ్గర ఆగింది. వెనక చక్రాల ప్యాడ్లు.

ఆ బండితో వచ్చిన పుస్తకాన్ని ఆ ఇంట్లో చదివింది ఆమె ఒక్కతే. వారానికి మూడు రోజులు అత్తగారిని మోకాలి వ్యాయామాలకి తీసుకెళ్ళి గంటన్నర బయట బండిలోనే కూర్చునేది. లోపల కుర్చీలు రోగులకే సరిపోవు. ఒకరోజు ఫోన్‌లో ఛార్జి అయిపోతే, ముందు అరలోంచి ఆ పుస్తకం తీసింది. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ చింపలేదు. రోజుకి కొన్ని పేజీల చొప్పున, సీరియల్ నవల చదివినట్టు చదివింది. "పరీక్షేమైనా రాస్తున్నావా?" అని భర్త ఎగతాళి చేశాడు. అందులో బొమ్మ వేసి మరీ చెప్పారు. ముందు చక్రాలకి డిస్కు, దాన్ని పట్టుకునే ప్యాడ్లు. వెనక చక్రాలకి డిస్కే లేదు. డ్రమ్ము, అంటే మూతపెట్టిన గిన్నె లాంటిది. దాని లోపల ప్యాడ్లుండవు, వేరే రకం రేకులుంటాయి.

"ఈ బండికి వెనక డ్రమ్ము కదండీ? లేని ప్యాడ్లు మూడు మిల్లీమీటర్లని ఎలా కొలిచారు?"

అడ్వైజరు కాగితం తన వైపు తిప్పుకున్నాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. "అది... కిలోమీటర్లు ఎక్కించగానే సిస్టమే అలా చూపిస్తుంది మేడమ్. ఒక్క నిమిషం" అని లేచి వెళ్ళాడు.

తిరిగొచ్చేటప్పుడు మొహం తేటపడింది. చేతిలో ఫోనుంది. "సార్ ఓకే చెప్పేశారు మేడమ్. రికార్డులో ఆయన నంబరే ఉంది. పని మొదలుపెట్టిస్తాను."

వెనక సోఫాలో కూర్చున్న అత్తగారు మోకాలు నిమురుకుంటూ, "వాడు సరే అన్నాక ఇంకేంటమ్మా? ఆ సంతకమేదో పెట్టేసి రా, నడుం లాగేస్తోంది" అన్నారు.

ఆమె పక్కకి వెళ్ళి భర్తకి ఫోన్ చేసింది.

"అవును, సరే అన్నాను. చెప్పానా నీ కాలు సంగతి?"

"నన్నో మాట అడగాల్సింది."

"నిన్నడగడానికేముంది? నీకేమన్నా బ్రేకుల గురించి తెలుసా? సంతకం పెట్టి వచ్చెయ్. ఆ ల్యాబు గొడవ మాత్రం ఇక వదిలెయ్, వచ్చే ఏడు చూద్దాంలే."

కోపంగా కూడా అనలేదు. రేపు పేపరు వెయ్యొద్దని చెప్పినంత మామూలుగా అని పెట్టేశాడు. ఆమెకి ఏడుపు రాలేదు. తలెత్తి చూసింది. గదికున్న పెద్ద అద్దం అవతల, వర్కుషాపులో వరుసలో మూడోదిగా తమ బండి నిలబడి ఉంది. పొద్దున సందు చివర గుంటలో దిగినప్పుడు పడ్డ బురద చక్రాల మీద ఎండి, నట్ల చుట్టూ చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

ఆమె బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. "చక్రాలు విప్పలేదు కదండీ" అంది. "నట్ల మీద బురద కూడా రాలలేదు. విప్పి, నా ఎదురుగా కొలవండి. తక్కువుంటే మార్చండి, నేనే సంతకం పెడతాను."

"సార్ ఓకే అన్నారు కదా మేడమ్..."

"ఆయన ఆఫీసులో ఉన్నారు. బండి నడిపేది నేను."

వర్కుషాపు లోపలికి రాకూడదని రూలుందన్నాడు. గుమ్మంలో గీసిన పసుపు గీత దగ్గరే నిలబడతానంది. సాయంత్రం దాకా పడుతుందన్నాడు. కూర్చుంటానంది. చివరికి నెరిసిన జుట్టున్న మెకానిక్కుని పిలిచాడు. మెకానిక్కు బండి పైకి లేపి, ముందు చక్రం విప్పి, పలచని రేకు కొలబద్దని ప్యాడు పక్కన పెట్టి చూశాడు.

"ఎనిమిది" అన్నాడు. అటువైపు చక్రం కూడా విప్పాడు. "ఇదీ ఎనిమిదే." వెనక డ్రమ్ము తీసి, దుమ్ము తుడిచి, తలూపాడు. "ఎవరమ్మా ఈ బండి నడిపేది?"

"నేనే" అంది ఆమె, టీచరు ముందు తప్పు ఒప్పుకునే పిల్లలా.

"మంచి కాలమ్మా మీది. ముందు చూసుకుని నడుపుతారు. సడెన్ బ్రేకులు కొట్టే బండికైతే ఈపాటికి సగానికి పైగా అరిగిపోయేవి. ఇవి ఇంకో ముప్పై వేల కిలోమీటర్లు భయం లేదు" అని చక్రం బిగించడం మొదలుపెట్టాడు.

ఆమె ఆ గీత దగ్గరే నిలబడిపోయింది. డబ్బు లెక్కలు రావని, మాట సూటిగా ఉండదని, బయటి ప్రపంచం తెలియదని ఇన్నేళ్ళుగా తన గురించి అందరూ చెప్పినవన్నీ నమ్మింది. వాటిలో ఎన్నింటిని ఎవరైనా విప్పి చూశారు? తను కూడా చూడలేదు. చూడమని అడగొచ్చని తెలియలేదు.

అత్తగారు కుంటుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డారు. "వాడు నడిపితే ముందు సీటు పట్టుకుని కూర్చోవాలి నేను. నువ్వు నడిపితే కునుకు పడుతుంది."

"మరి ఎప్పుడూ అనలేదేం అత్తయ్యా?"

"నన్నెవరడిగారే?" అన్నారావిడ.

అడ్వైజరు కొత్త కాగితం తెచ్చాడు. అందులో ఎర్ర చుక్క లేదు. "సారీ మేడమ్. సార్‌కి నేను ఫోన్ చేసి చెప్పమంటారా?"

"వద్దండీ, నేను చెప్తాను సాయంత్రం" అంటూ ఆమె ఫోన్ తీసి నంబరు నొక్కింది. రెండు రింగులకే అవతల ఎత్తారు.

"అక్కా," అంది ఆమె, "సోమవారం ఎన్నింటికి రావాలి?"