లంబసింగి దారిలో హీటరు వాల్వు

నేను ఒక హీటరు వాల్వును. ఇంగ్లండ్‌లో తయారైన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారులో, బానెట్ కింద, రెండు రబ్బరు గొట్టాల మధ్య ఉండేదాన్ని. చలివేస్తే ఇంజనులోని వేడినీళ్లను హీటరుకి వదలాలి, లేదంటే ఆపాలి. అక్కడ రోజూ నన్ను తిప్పేవారు. ఓడెక్కి విశాఖపట్నం వచ్చాక ఎవరూ ముట్టుకోలేదు. చెమటలు కారే ఊళ్లో హీటరెవరికి కావాలి? మూసుకునే ఉండి లోలోపల తుప్పు పట్టాను. ఎప్పుడో ఒకప్పుడు నా మీట లాగుతారేమోనని భయపడుతూనే ఉన్నాను.

లాగారు, లంబసింగి ఘాట్‌లో. కారు నడుపుతున్నది మందాకిని. పక్కన భర్త చలపతి, ఉబ్బసం మనిషి. మంచు చూడాలని పట్టుబట్టింది ఆయనే. గుడ్డ టాపు సందుల్లోంచి చలిగాలి దూరి ఆయనకు ఊపిరాడటం కష్టమైంది. మందు పీల్చినా పిల్లికూతలు తగ్గలేదు.

"ఉండండి, హీటరు వేస్తాను" అని ఆమె మీట లాగింది. నేను కదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది. నా లోపలి రబ్బరు పొర చిరిగి, వేడినీళ్లు బయటికి కారడం మొదలైంది. ఆమె చూడలేదు. నీళ్లన్నీ పోతే ఇంజను వేడెక్కి బిగుసుకుపోతుంది. ఆ కొండ మీద ఆయన్ని ఆస్పత్రికి ఎవరు చేరుస్తారు?

ఒక టీ కొట్టు ముందు బానెట్ లోంచి ఆవిరి లేచింది. కొట్టు నడిపే సన్యాసమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏటమ్మా, బండి పొగలొదిలేత్తంది?" అంటూనే చలపతికి దుప్పటి కప్పింది.

మందాకిని బానెట్ ఎత్తి, తడిసిన నన్ను చూసింది. పానా తీసింది కానీ ఆగింది.

"ఎంతసేపు, మందా?" చలపతి మాట తెగి తెగి వచ్చింది.

"చల్లారాలండీ. ఇప్పుడు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది."

"నర్సీపట్నం ఆస్పత్రికి చేరతామా?"

ఆమె ఆయన ఊపిరి వింటూ నిలబడింది. నేనూ విన్నాను.

ఇంజను కాస్త చల్లారగానే క్లిప్పులు వదులు చేసి నన్ను ఊడబెరికింది. "ఈ రెండు గొట్టాలూ కలపాలి. ఇంత లావు పైపు ముక్క ఏదైనా ఉందా?"

సన్యాసమ్మ తన నీళ్ల డ్రమ్ముకున్న పైపు విప్పి ఇచ్చింది. "అట్టుకెల్లమ్మా. ముందాయన్ని సూసుకో."

పైపు బిగించి, నీళ్లు పోసి, నన్ను చలపతి కాళ్ల దగ్గర పడేసి మందాకిని బండి తీసింది. ఇప్పుడు నీళ్లను ఆపేవాళ్లు లేరు. కాసేపటికే హీటరు లోంచి వెచ్చటి గాలి వచ్చింది. ఆయన చేతులు చాచాడు. "వేడి వస్తోంది" అన్నాడు. నేనుండగా రానిది, నన్ను తీసేశాక వచ్చింది.

ఆస్పత్రి చేరారు. సాయంత్రానికి ఆయన ఆయాసం లేకుండా మాట్లాడాడు.

విశాఖలో మాత్రం ఆ వేడికి కాళ్లు మాడిపోతున్నాయని గోల పెట్టాడు. మందాకిని కొత్త వాల్వు తెప్పించి తనే బిగించింది. నన్ను షెడ్డు కిటికీలో పెట్టింది, ఎందుకో తెలియదు. మళ్లీ లంబసింగి వెళ్దామని వాళ్లు అనుకుంటుంటే విన్నాను. కొత్తదాన్ని అప్పుడప్పుడూ తిప్పుతోందో లేదో. కారు బయటికి వెళ్లిందంటే, తిరిగొచ్చి ఇంజను ఆగేదాకా నా మనసు మనసులో ఉండదు.