కిటికీ కొలతలు

దర్జీ దుకాణంలో కత్తెర దర్జీ చేతిలో ఉండాలి. మనం చెప్పుకోబోయే దుకాణంలో మాత్రం అది ఆయన భార్య సొరుగులో, తాళం వేసి ఉండేది. బట్ట ఆమె కత్తిరించేది, మిషను ఆయన తొక్కేవాడు. వచ్చిపోయేవాళ్ళు చూసి, "ఎంత చక్కగా పని పంచుకున్నారో!" అని మెచ్చుకునేవారు. ఆ పంపకం వెనక సంగతి పాపం వాళ్ళకేం తెలుసు?

ఆయన చేయి తిరిగిన పనివాడే. కానీ పదకొండేళ్ళుగా పొద్దున్నే సీసా మూత తీసేవాడు. ఓ గుక్క పడితేనే వేళ్ళు వణకవనేవాడు; ఆ గుక్కల వల్లే వణుకు వచ్చిందంటే వినేవాడు కాదు. ఆయన వంకర కోతలన్నిటికీ భార్యే అతుకులు వేసి, పైన ఇస్త్రీ చేసి, ఎవరి కంటా పడకుండా నెట్టుకొచ్చింది. "మాస్టారు లేరా?" అని ఎవరైనా అడిగితే, "ఆయనకు జ్వరమండీ" అనేది. ఏడాదికి నలభైసార్లు జ్వరం వచ్చే మనిషిని మీరెక్కడైనా చూశారా?

ఆసుపత్రి పెద్ద నర్సమ్మ కోటు దగ్గర ఆ అతుకుల బతుకు ఆగిపోయింది. బట్టను మడత పెట్టి కోస్తే కోటుకు ఒక చేయి కుడికి, ఒకటి ఎడమకి వస్తాయి. ఆయన మడత పెట్టకుండా ఒకదాని తర్వాత ఒకటి కోసేశాడు. రెండూ కుడి చేతులే! బట్ట మిగల్లేదు, అతుక్కీ లొంగలేదు. భార్య అరవలేదు, ఏడవలేదు. కత్తెర తీసి సొరుగులో పెట్టి తాళం వేసింది.

"ఇక నావల్ల కాదండీ. ఇది మళ్ళీ ఇవ్వాలని నాకనిపించిన రోజు ఇస్తా. అనిపించకపోతే, అమ్మాయిని తీసుకుని మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతా."

అవి ఉత్తుత్తి బెదిరింపులు కావని ఆయనకు తెలుసు. భార్యాబిడ్డలు లేని ఇల్లు తలుచుకుంటే భయమేసింది. ఆ భయానికీ ఓ గుక్క తాగాడు.

నర్సమ్మ వచ్చి కోటు చూసి నవ్వింది. "ఎడం చేత్తో నాకేం పనిలే అనుకున్నారా మాస్టారూ?" అంది. తర్వాత ఆయన వేళ్ళకేసి కాసేపు చూసి, "గ్రంథాలయం మేడ మీద గదికి పరదా కుట్టాలి. బుధవారం ఆరింటికి వచ్చి కిటికీ కొలవండి. ఆ వేళకే గది తీస్తారు," అని చెప్పి వెళ్ళింది.

బుధవారం దర్జీ మెడలో టేపు వేసుకుని వెళ్ళేసరికి, గదిలో పదిమంది గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో నర్సమ్మా ఉంది. ఆసుపత్రి తరఫున వచ్చిందేమో అనుకున్నాడు. ఒక ముసలాయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"నేను కిటికీ కోసం వచ్చానండీ."

"కూర్చో నాయనా, కిటికీ ఎక్కడికి పోతుంది?"

ఇంతలో ఒక లారీ డ్రైవరు లేచి, "నేను తాగుడికి బానిసని. మానేసి నేటికి నలభై రోజులు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు, నీతులూ చెప్పలేదు. ఒక పంతులమ్మ పిండి డబ్బాలో సీసా దాచుకున్న రోజులు చెప్పింది. దర్జీ సీసా గుండీల డబ్బా వెనక ఉండేది.

"కొలత సరిగా కుదరలేదు, మళ్ళీ వెళ్ళాలి," అన్నాడు ఇంటికొచ్చి. రెండో బుధవారమూ అదే మాట. ఆ వారమే సంగతి పసిగట్టిన ముసలాయన ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఉన్నట్టుండి మానేస్తే ఒంటికి ప్రమాదమని చెప్పి, డాక్టరు మాత్రలిచ్చి దగ్గరుండి మాన్పించాడు. మూడో బుధవారం వెళ్ళొచ్చిన మర్నాడే కాలు జారింది, మళ్ళీ తాగాడు. అయినా సిగ్గు చంపుకుని మళ్ళీ బయల్దేరాడు.

"ఏమండీ, ఆ కిటికీ వారం వారం పెరుగుతోందా ఏంటి?" అంది భార్య.

నాలుగో బుధవారం ఆయన లేచి నిలబడ్డాడు. "నేను తాగుబోతునండీ. కిటికీ పేరు చెప్పి వస్తున్నాను. తాగక ఆరు రోజులైంది," అన్నాడు.

అప్పుడు నర్సమ్మ లేచింది. "నేనూ అంతే మాస్టారూ. తొమ్మిదేళ్ళ కిందట నా చేతిలో సూది వణికేది. అందుకే మీ వేళ్ళు చూడగానే పోల్చుకున్నాను."

"మరి అప్పుడే చెప్పలేదేమమ్మా?"

"చెబితే వచ్చేవారా?" అందామె. అందరితోపాటు దర్జీ కూడా నవ్వాడు, ఆనక టేపు తీసి నిజంగానే కిటికీ కొలిచాడు.

ఇంటికి వెళ్ళి ఆయన భార్య ఎదుట కూర్చున్నాడు. "నీకు అబద్ధం చెప్పానే. అక్కడ నాలాంటి తాగుబోతులు కలుస్తారు. మధ్యలో ఒకసారి మళ్ళీ తాగాను కూడా. రేపు తాగనని ఒట్టెయ్యలేను. ఇవాళ మాత్రం తాగలేదు."

"నాకు రెండో వారమే అనుమానమొచ్చింది. కొలతల పుస్తకంలో ఆ కిటికీ పేజీ ఖాళీగానే ఉందిగా!" అని ఆమె లేచి, సొరుగు తాళం తీసి, కత్తెర ఆయన చేతిలో పెట్టింది.

"అప్పుడే ఇస్తున్నావేంటి? ఆరు రోజులేగా?"

"మానేశారని కాదు, మొదటిసారి నిజం చెప్పారని ఇస్తున్నా. నేనూ ఇక ఎవరికీ జ్వరమని చెప్పను." కళ్ళు తుడుచుకుని, పరదా గుడ్డ బల్ల మీద పరిచింది. "ముందు మడత పెట్టండి!"

అయ్యలారా, అమ్మలారా, మీ ఇంట్లోనూ ఎవరికైనా ఏడాదికి నలభైసార్లు జ్వరం వస్తుంటే, ఇవాళ్టి నుంచి దాన్ని జ్వరమనకండి. తాగుడని ఒప్పుకుని, నలుగురిని సాయం అడగండి.