మార్చి పద్నాలుగు

"మెడకేదైనా చుట్టుకోకూడదూ? ఆ కుట్లు చూస్తుంటే అమ్మకు తిండి సయించట్లేదట," అన్నాడు మా ఆయన హెస్సెల్. నేను వాళ్లమ్మ కోసమే ఉడికిన బంగాళాదుంపలు మెదుపుతున్నాను. మెత్తబడ్డాక కూడా మెదుపుతూనే ఉన్నాను. చేతులకు పనుంటే నోరు అదుపులో ఉంటుందని ఇరవై రెండేళ్లుగా నా నమ్మకం.

మొదట గొంతు మధ్య గోళీకాయంత గడ్డ లేచింది. నాలుక బయటపెట్టమన్నారు డాక్టరు. పెడితే అది పైకి జరిగింది. పుట్టుకతో మిగిలిపోయిన నీటితిత్తి, భయం లేదని చెప్పి, నాలుక మొదట్లోని చిన్న ఎముక ముక్కతో సహా తీసేశారు. తీసినదాన్ని పరీక్షకు పంపితే లోపల క్యాన్సర్ ఉంది. ఆ డాక్టరు ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇలాంటిది ఇది రెండోదట. "అంత అరుదైంది ఏరికోరి నీకే రావాలా?" అన్నాడు హెస్సెల్, నేనేదో ఖరీదైన కోటు కొనుక్కొచ్చినట్టు.

స్కాన్‌లో థైరాయిడ్ మీద కూడా మచ్చ కనబడింది. అదీ తీసెయ్యాలి, మార్చి పద్నాలుగున రమ్మన్నారు. ఆ రోజే మా అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు. మా ఫ్రీస్‌లాండ్ ప్రాంతం వాళ్లకు పుట్టినరోజంటే గుండ్రంగా కుర్చీలు, అందరికీ కాఫీ. పుట్టినరోజు ఎవరిదైనా కాఫీ పోస్తూ తిరిగేది నేనే.

"ముప్పై మంది వస్తారమ్మాయ్, ఎవరు చూసుకుంటారు?" అంది అత్తగారు.

"నిదానంగా పెరిగే రకమన్నారుగా. వారం ఆగితే ఏం కొంప మునుగుతుంది?" అన్నాడు ఆవిడ కొడుకు.

మూడు రోజులు ఒకచోట కూర్చోలేకపోయాను. తుడిచిన కిటికీనే మళ్లీ తుడిచాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, వాయిదా వేస్తే పోలేదా అని నేనూ అనుకున్నాను. ప్రాణభయం కన్నా ఆ ముప్పై మంది బెంగే ఎక్కువైపోయింది. నామీద నాకే ఒళ్లు మండింది.

నాలుగో రోజు పొద్దున ఆసుపత్రి నుంచి ఫోను.

"ఫెమ్కె గారూ, మీ వారు ఫోన్ చేసి ఆపరేషన్ ఇరవై ఒకటికి మార్చమన్నారండీ. మీరు స్వయంగా చెబితేగానీ మార్చం," అంది నర్సు.

హెస్సెల్ ఎదురుగానే పేపరు చదువుతున్నాడు. తలెత్తలేదు.

"మార్చొద్దు. పద్నాలుగునే వస్తాను."

"మంచిదండీ. ఇంకేమైనా?"

"ఏదైనా జరిగితే కబురు చెయ్యడానికి ఆయన పేరుంది కదా. అది కొట్టెయ్యండి."

పేపరు కిందికి దిగింది.

"మరి ఎవరి పేరు రాయమంటారు?"

నలభై ఆరేళ్లదాన్ని. నాకోసం పరిగెత్తుకొచ్చే మనిషి పేరు ఒక్కటీ తట్టలేదు.

"ఖాళీగా ఉంచండి," అన్నాను.