పడవ అడుగు చెక్కలు

గురజాలలో బండిచక్రాలు చేసే ఖాదర్ వలి కార్ఖానాకు ఆ ఏటి గాలివానలో తాటాకు దడి మొత్తం లేచిపోయింది. ఊరి చుట్టూ రాయి దొరుకుతున్నా రాతిగోడ పెట్టుకునే వీలు ఆయనకు లేదు. స్థలం త్రికోటేశ్వరరావు గారిది. ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవాలి గనుక, ఊడదీసి పట్టుకుపోయేదేదో కట్టుకోమని ఆయన ముందే చెప్పాడు. అంటే చెక్కగోడే. యుద్ధం రోజులు కావడంతో టేకు కంటికి కనబడడం లేదు. మామిడిచెక్క చవకే గానీ రెండు వానలకే పుచ్చిపోతుంది.

కృష్ణ రేవులో పాత పడవ ఒకటి విప్పి అమ్ముతున్నారని విని బండి కట్టుకుని వెళ్ళాడు. టేకు చెక్క, పైన తారు పూత, నీటికి జంకని సరుకు. రేవు చూసే పెదకోటయ్య ఊరికే ఇచ్చినట్టు ఇస్తానన్నాడు. ఎందుకంత చవకని అడిగితే, కిందటేడు వరదలో జనంతో సహా బోల్తాపడ్డ పడవ ఇదేనని, పొయ్యిలోకి కూడా ఎవరూ తీసుకుపోవడం లేదని నేలచూపులు చూస్తూ చెప్పాడు. కట్టెకేం తెలుస్తుందిలే అనుకున్నాడు ఖాదర్ వలి. పక్కచెక్కలు వంపు తిరిగి ఉన్నాయి. గోడకు సాపువి కావాలి గనుక అడుగు చెక్కలు ఏరుకున్నాడు.

చెక్కలు నిలువుగా నిలబెట్టాడు. అడ్డంగా కొడితే అతుకు అతుకులోనూ వాన నిలుస్తుంది, నిలువుచెక్క మీద జారి నేలకు పోతుంది. కొసలు మట్టిని తాకకుండా కింద నాపరాళ్ళు పరిచాడు. సందుల మీద సన్నటి బద్దలు కొట్టాడు. తారు పట్టిన ముఖాన్ని వాన తగిలే వైపు, బయటికి పెట్టాడు. ఏ వడ్రంగైనా అలాగే పెడతాడు.

చప్పుడు మొదట విన్నది ఆయన దగ్గర పనిచేసే పిచ్చియ్య. ఒక మధ్యాహ్నం గోడవతల ఎవరో కొడుతున్నారని లేచి వెళ్ళి చూసి, ఎవరూ లేరని తిరిగొచ్చాడు. ఎండకు చెక్క సాగుతోందని సర్దిచెప్పాడు ఖాదర్ వలి. కానీ చెక్క సాగితే అలా మోగదని ఆయనకూ తెలుసు. పిడికిలితో గుద్దినట్టు మోగేది. మధ్యమధ్య ఆగేది, ఎవరైనా పలుకుతారేమోనని చెవి ఒగ్గినట్టు. నిండు వేసవిలో చెక్కల లోపలి ముఖం చెమ్మగిల్లేది. పిచ్చియ్య పనికి రావడం మానేశాడు. ఖాదర్ వలి భార్య బషీరున్నీసా సాంబ్రాణి పొగ వేసి చూసింది. ఆ తర్వాత అన్నం గిన్నె గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయేది. ఖాదర్ వలి గోడకు వీపు చేసి ఒక్కడే పని చేసుకునేవాడు.

ఒకరోజు రోశమ్మ అనే ఆవిడ రేవు పక్క ఊరినుంచి వచ్చింది. చెక్కలు ఇక్కడున్నాయని పెదకోటయ్య చెప్పాడట. లోపలికి రాకుండా చుట్టూ తిరిగి, బయటివైపు తారు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఖాదర్ వలి బయటికొచ్చాడు.

"పడవ బోర్లాపడ్డాక నన్నెవరో దీని మీదికి లాగారన్నా," అంది. "మా తోడికోడలు నాగమ్మ కిందుండిపోయింది. చానాసేపు కొట్టింది. నా పొట్ట కింద తెలుస్తానే ఉంది."

ఖాదర్ వలి ఆమె చెయ్యి ఆనిన చెక్క వైపు చూశాడు.

"నేనూ కొట్టా. వింటన్నానని దానికి తెలవాలిగా. ఇంకేం జేసేది?"

అంతలో లోపలినుంచి చప్పుడు వచ్చింది. లోపల ఎవరూ లేరు. రోశమ్మ బెదరలేదు. పిడికిలి బిగించి అదే చోట తిరిగి కొట్టింది. లోపలి చప్పుడు ఒక్కసారిగా తొందరపడింది. అప్పుడు అర్థమైంది ఖాదర్ వలికి తను కట్టిందేమిటో. పడవ అడుగును, అది బోర్లాపడ్డనాటిలాగే, తారు బయటికీ, మనుషులున్న ముఖం లోపలికీ పెట్టి నాగమ్మను మళ్ళీ మూసేశాడు.

పరుగున వెళ్ళి పలుగు తెచ్చి బద్దలు ఊడదీశాడు. మేకులు కీచుమంటుంటే చెక్క సందులో పలుగు దూర్చి బలంకొద్దీ లాగాడు. చివరి మేకు వదిలేదాకా ఆ గుద్దులు ఆయన చేతికి తగులుతూనే ఉన్నాయి. చెక్క ఊడివచ్చింది. సందులోంచి ఒండ్రుమట్టి వాసన కొట్టింది. ఎక్కడివో చల్లటి నీళ్ళు నాపరాళ్ళ మీదుగా పొర్లి ఇద్దరి పాదాలూ తడిపి మట్టిలో ఇంకిపోయాయి.

"రాయే నాగీ, పోదాం," అంది రోశమ్మ మెల్లగా.

కాసేపు నిలబడి దారి పట్టింది. పక్కన మరొకరు నడవడానికి చోటు ఇచ్చినట్టు, బాట అంచుకు ఒదిగి నడిచింది. మలుపు తిరిగేదాకా ఖాదర్ వలి చూస్తూనే ఉన్నాడు.

పడవలో పోయింది నాగమ్మ ఒక్కతే కాదన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. పొద్దు వాలకముందే మిగిలిన చెక్కలన్నిటినీ ఒక్కొక్కటిగా తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఏదీ పలకలేదు. ఊడిన చెక్కను మాత్రం మళ్ళీ కొట్టలేదు. వాన పడితే ఆ సందులోంచి జల్లు వచ్చి లోపలున్న చక్రాల ఆకులూ కమ్మీలూ తడిసేవి. పిచ్చియ్య తిరిగొచ్చాక, దాన్నెందుకు మూయలేదని అడిగాడు. వెలుతురు కోసమన్నాడు ఖాదర్ వలి.