బరువు తగ్గి రండి

నకరికల్లు నుంచి వచ్చిన బస్సు నరసరావుపేట స్టాండులో ఆగినా ప్రేమలతకు దిగాలనిపించలేదు. కిటికీ పక్క సీటు, కాస్త గాలి. డ్రైవరు ఇంకాసేపు ఎవరినీ దింపకుండా ఊరంతా తిప్పితే బాగుండుననుకుంది. పొద్దుటి నుంచి బళ్ళో పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోయింది. ఇప్పుడు ఇంటికి వెళ్ళాలి, చీర మార్చి చుడీదార్ వేసుకోవాలి, గ్రౌండుకు వెళ్ళి నడవాలి. లోకంలో అందరికీ పని అయిపోయాక సాయంత్రం వస్తుంది. ఆమెకు మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతోంది.

లావుగా ఉన్న ఆడదానికి సలహా చెప్పడానికి చదువూ అక్కర్లేదు, చుట్టరికమూ అక్కర్లేదు. కండక్టరు చెబుతాడు, పాలవాడు చెబుతాడు, తోటి టీచర్లయితే గారెలు నములుతూ మరీ చెబుతారు. ప్రేమలత ఇరవయ్యేళ్ళుగా ఇవన్నీ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసిన మనిషి. ఒళ్ళు నాది, మోసేది నేను, మధ్యలో వీళ్ళకేం నొప్పి అనుకునేది. ఈసారి మాత్రం అలా వదిలేసే వీలు లేకపోయింది. చెప్పింది గుంటూరు డాక్టరు.

ఆమె భర్త శౌరికి రెండు కిడ్నీలూ పోయాయి. కరెంటు స్తంభాలెక్కి దిగిన మనిషి ఇప్పుడు మంచం దిగి బాత్‌రూముకు పోవడానికి గోడ పట్టుకుంటున్నాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషన్ మీద పడుకుంటేగాని ఒంట్లో నీరు దిగదు. దాని భారం గుండె మీద పడుతోందనీ, ఎవరైనా కిడ్నీ ఇస్తే ఆలస్యం చెయ్యకుండా మార్చాలనీ డాక్టరు చెప్పాడు. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే కిడ్నీ కోసం పేరు రాయించారు గాని, ఆ వరస ఎప్పటికి వస్తుందో ఆ దేవుడికే తెలియాలి. శౌరి తమ్ముడికి బీపీ. చెల్లెలికి ఇవ్వాలనే ఉంది, మొగుడు ఒప్పుకోలేదు. తల్లి పిచ్చమ్మకు డెబ్బై దాటాయి, పైగా షుగరు. చివరికి పరీక్షల్లో ప్రేమలతవే అన్నీ కలిశాయి.

ఆ మాట డాక్టరు చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ ఆ గదిలోనే ఉన్నారు. అందరూ ఒక్కసారి ఆమె వంక చూశారు. మరిది, "దేవుడున్నాడు వదినా" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆడపడుచు వచ్చి చెయ్యి పట్టుకుంది. అంతే, అయిపోయింది. తను తల ఊపిందో లేదో ప్రేమలతకే గుర్తు లేదు.

"కానీ మేడమ్, ఈ బరువు మీద కోస్తే మీకే ప్రమాదం" అన్నాడు డాక్టరు. "పది కిలోలైనా తగ్గాలి. మూడు నెలలు టైము తీసుకోండి. బరువు తగ్గి రండి."

అలా మొదలైంది నడక. స్టేడియం గ్రౌండులో సాయంత్రం పూట ఊళ్ళో ఉన్న షుగరూ, బీపీ, పొట్టలూ అన్నీ గుండ్రంగా తిరుగుతుంటాయి. ప్రేమలత కూడా వాటిలో కలిసింది. మొదటివారం మోకాళ్ళు, రెండోవారం మడమలు, ఆ తర్వాత ఏది నొప్పో ఏది కాదో తెలియకుండా పోయింది. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మెట్ల దగ్గర ఆడవాళ్ళు "నీలాంటి భార్య దొరకాలంటే పుణ్యం చేసుకోవాలమ్మా" అని మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఆమెకు ఇంకాస్త నీరసం వచ్చేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఇక్కడ నడిచి, పస్తుండి కూడా తన ఒళ్ళు మాత్రం కరగడం లేదు.

గ్రౌండులో ఆమెకు తోడు కనకలక్ష్మి. మార్కెట్లో వాళ్ళది నెయ్యి, వెన్న కొట్టు. అరండల్‌పేట వీధిలో పక్కపక్క ఇళ్ళు కావడంతో వదినా అంటే వదినా అనుకునే చనువు. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం గాని, మనసు మంచిది. నడిచినంతసేపూ ఆమే మాట్లాడుతుంది కాబట్టి ప్రేమలత ఊపిరి దాచుకునేది.

నడక అయ్యాక ఇంటి దగ్గర ఒక్క సుఖం మాత్రం ఉండేది. అత్తగారి జొన్నరొట్టె. బరువు సంగతి తెలిసిన రోజునే పిచ్చమ్మ, "అన్నం మానేసెయ్ అమ్మాయ్, నీకు రొట్టెలు నేను జేస్తాలే" అంది. ఆ రోజు నుంచి ఒక్క పూటా తప్పలేదు. ప్రేమలత వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చునేసరికి రెండు రొట్టెలూ, సొరకాయ కూరా పళ్ళెంలో పెట్టి తెచ్చేది. మర్నాటికి బాక్సులో మరో రెండు. జొన్నరొట్టె పెనం మీద నుంచి దిగిన కాసేపే రొట్టె, చల్లారితే అట్టముక్క. పల్నాడులో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే అది. పిచ్చమ్మ చేసిన రొట్టె మాత్రం మర్నాడు మధ్యాహ్నం నకరికల్లు బళ్ళో బాక్సు తెరిచినా దూదిలా ఉండేది. "మీ అత్తగారి చేతిలో ఏదో ఉందండీ" అనేవాళ్ళు తోటి టీచర్లు. ప్రేమలత అలసటలో తిని చెయ్యి కడుక్కునేది. ఎందుకు మెత్తగా ఉందని ఆలోచించే ఓపిక కూడా ఆమెకు లేదు.

మూడు నెలల తర్వాత గుంటూరు వెళ్ళారు. బరువు మిషనెక్కితే రెండు కిలోలు పెరిగింది.

డాక్టరు కళ్ళజోడు తీసి పెట్టాడు. "మేడమ్, నడిస్తే సరిపోదు. నోరు కట్టుకోవాలి. ఆయనకు ఎక్కువ టైము లేదు" అన్నాడు. ఆ గదిలోంచి బయటికి వచ్చి బస్సెక్కారు. సగం దూరం వచ్చాక, శౌరి కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"రోజూ గ్రౌండుకే పోతన్నావుగా ప్రేమా?"

ఆ మాట గుచ్చుకుంది. దానికంటే లోతుగా గుచ్చుకున్నది ఇంకొకటి ఉంది. మిషన్ మీద ముల్లు పైకి జరిగినప్పుడు, డాక్టరు ముఖం మారకముందు, ఆమె గుండెల్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. ఇంకొన్నాళ్ళు కొయ్యరు. ఆ హాయి ఒక్క క్షణమే. కానీ అది వచ్చింది, తన లోపల నుంచే వచ్చింది. పక్కన కట్టుకున్నవాడు ఉబ్బిన కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడుతుంటే తనకు హాయేమిటి? బస్సు ఊరు చేరేదాకా ప్రేమలత తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ గ్రౌండు. కోటప్పకొండ వైపు పొద్దు వాలుతోంది. పెరిగిన బరువు సంగతి ఎలా తెలిసిందో గాని కనకలక్ష్మికి అప్పటికే తెలిసింది. ఒక రౌండు తిరిగేదాకా ఏమీ మాట్లాడకపోవడమే వింత. రెండో రౌండులో గొంతు తగ్గించింది.

"వదినా, ఒక మాట అడుగుతా, ఏమనుకోమాక. అన్నయ్య గారికి వెన్న పెట్టొచ్చా?"

"ఆయనకా? ఆయనకి ఉప్పూ కారమే లేదు. వెన్నేంది?"

"అదే నేనూ అనుకున్నా. మరి మీ అత్తమ్మ వారం వారం డబ్బా తెచ్చి మా కొట్లో పచ్చి వెన్న పట్టుకుపోద్దిగా. కొట్లో సంగతులు బయట చెప్పొద్దని మా ఆయన నన్ను తిడతాడు. అయినా నువ్వు రోజూ ఇట్టా చచ్చిపోతా నడుస్తా ఉంటే చూసి ఉండలేక చెప్తన్నా."

ప్రేమలత నడక ఆగిపోయింది. వెనక వస్తున్న పెద్దమనిషి "పక్కకి జరగండమ్మా" అని విసుక్కుని దాటిపోయాడు. దూదిలాంటి రొట్టెలు ఎందుకు దూదిలా ఉంటున్నాయో ఒక్కసారిగా అర్థమైంది.

ఇంటికి వచ్చేసరికి పిచ్చమ్మ వంటింట్లో పీట ముందు కూర్చుని పిండి పిసుకుతోంది. ప్రేమలత వంగి ఒక ముద్ద తీసుకుని వేళ్ళ మధ్య నొక్కింది. వేళ్ళు నిగనిగలాడాయి.

"ఏందత్తమ్మా ఇది?"

పిచ్చమ్మ తల ఎత్తలేదు. "వెన్న."

ముసలామెకు తెలియక చేసి ఉంటుంది, కోడలు నీరసపడిపోతుందని జాలిపడి ఉంటుంది అనుకుంది ప్రేమలత. అలా అనుకుంటేనే కోపం కాస్త ఆగేట్టుంది. "నాకు నీరసం వస్తదని కలిపావా? నేను తగ్గాలని నీకు చెప్పారుగా. తగ్గకపోతే ఆపరేషన్ చెయ్యరని చెప్పారుగా అత్తమ్మా!"

"చెప్పారు. నాకేం చెవుడు లేదు."

"మరెందుకు కలిపావు?"

"చెయ్యకూడదనే కలిపా."

పిచ్చమ్మ చేతులు తుడుచుకుని పొయ్యి ఆపేసింది. ప్రేమలత చేతిలోని ముద్దను పీట మీదికి విసిరేసింది. మూడు నెలలు. ఆ నొప్పులు, ఆ చెమట, బస్సులో శౌరి అడిగిన ఆ మాట. అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"వాడు నీ కొడుకత్తమ్మా!"

"నా కొడుకే. నువ్వు రాకముందు నుంచీ నా కొడుకే. వాడి కోసం ఏడవడం నాకు నువ్వు నేర్పాలా?" ముసలామె పీటను పక్కకు నెట్టింది. "నాది తీసుకోండయ్యా అని ఆ డాక్టరు కాళ్ళు పట్టుకున్నా, నీకు తెలవదు. నీది పనికిరాదు పో ముసలమ్మా అన్నాడు. కన్నదాన్ని నాది పనికిరాకుండా పోయింది, నీది కొయ్యమనడానికి నాకు నోరెట్టా వస్తది? మీ అమ్మే బతికుంటే ఆ రోజు ఆ గదిలో ఏమనేది? నా బిడ్డను కొయ్యమాకండి అనేది. ఆ మాట అనేటోళ్ళు నీకు ఒక్కరూ లేకపోయారు."

"మరి ఆయన పోతేనో?"

"పోతే నేను బతకను. అది నాకు తెలుసు. నీక్కూడా ఏమన్నా అయితే నీ కూతురు నిస్సి ఎక్కడికి పోద్ది? హాస్టల్లో అదొక్కతే." పిచ్చమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇదంతా వద్దులే. ఒక్క సంగతి చెప్పు. ఇస్తావా అని నిన్ను ఎవురన్నా అడిగారా? ఒక్కరన్నా? కోడిపెట్టను పట్టుకుపోవాలన్నా ఇంటోళ్ళను అడుగుతారు. నీ వంక చూశారు, కళ్ళు తుడుచుకున్నారు, అయిపోయింది. నేనూ ఆ మూలే కూర్చున్నా. నేనూ అడగలేదు. అడగలేక ఈ దొంగపని చేశా."

తిట్టాలని నోరు తెరిచిన ప్రేమలతకు కన్నీళ్ళు వచ్చాయి. "నిన్న ముల్లు పైకి పోతే నాకు హాయిగా అనిపించింది అత్తమ్మా" అంది. "నేనెంత పాపిష్టిదాన్నో చూడు."

"పాపం కాదే పిచ్చిదానా. భయం."

గుమ్మం దగ్గర అలికిడి అయింది. శౌరి గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. నిలబడలేక గడప మీదే కూలబడ్డాడు. తల్లి లేవబోతే చేత్తో వద్దన్నాడు.

"అడగాల్సినోణ్ణి నేను ప్రేమా" అన్నాడు. "అడిగితే వద్దంటావేమోనని అడగలేదు. వద్దంటే నాకు చావే గదా. అందుకని నువ్వు గ్రౌండుకు పోతా ఉంటే, నేను అడిగేశా, నువ్వు సరేనన్నావు అనుకుని కళ్ళు మూసుకున్నా. నిన్న బస్సులో ఆ మాట కూడా అని ఉండకూడదు."

"ఇప్పుడు అడుగు" అంది ప్రేమలత.

అతను గడపను రెండు చేతులతో పట్టుకున్నాడు. స్తంభం మీద వైరు తగిలినప్పుడు కూడా ఈ మనిషి ఇంతగా భయపడి ఉండడు.

"నీ కిడ్నీ నాకిస్తావా? నువ్వు వద్దంటే ఏమీ అనను. మిషన్ మీద ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుంటా. నీ మీద కోపం..." అని, ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు.

ప్రేమలత వద్దు అనే మాటను లోపలే అని చూసుకుంది. అనొచ్చు. అంటే ఈ ఇంట్లో ఈ ఇద్దరూ తనను ఒక్క మాట అనరు, అది వాళ్ళ ముఖాల్లోనే ఉంది. కోత గురించి అనుకుంది, కూతురి గురించి అనుకుంది, అక్కడ గడప మీద తన నోటి వంక చూస్తూ కూర్చున్న మనిషి గురించి అనుకుంది. ఆమెను ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె తరఫున ఎవరూ తల ఊపలేదు. భయం ఎక్కడికీ పోలేదు. దాని పక్కనే ఇంకోటి కూడా ఉందని మాత్రం మొదటిసారి కనబడింది. ఈ మనిషి ఉండాలి. అది ఎవరో అనుకున్నది కాదు, తను అనుకుంటున్నదే.

"ఇస్తా" అంది. "నాకు భయంగానే ఉంది. అయినా ఇస్తా."

పిచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. శౌరి ఏదో అనబోయాడు.

"ఇప్పుడేం మాట్లాడమాకండి" అంది ప్రేమలత. "మళ్ళీ మొదటి నుంచి నడవాలి. కాళ్ళు పోతన్నాయి, నన్ను కాసేపు కూర్చోనియ్యండి."